మనది కాని ఫ్రిజ్

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా తమ్ముడి కూతురు షీబా నన్ను చూడటానికి వచ్చింది. వచ్చినదేదో బుద్ధిగా కూర్చుని, నేనిచ్చిన కేకు ముక్క తిని వెళ్ళిపోయి ఉంటే నేను ఈ రాతకి కూర్చునేదాన్నే కాదు. చెయ్యి కడుక్కుంటానంటూ వెనక వరండాలోకి వెళ్ళింది. అక్కడ మూలన పూల దుప్పటి కప్పిన వస్తువొకటి ఉంది. దాని పక్కనే నేను నానబెట్టుకున్న బట్టల బకెట్, సబ్బు, బ్రష్, కూర్చునే పీట. షీబా దుప్పటి కొస ఎత్తి చూసి, "అత్తా! వాషింగ్ మెషీన్ ఎప్పుడు కొన్నావు?" అని కేకేసింది. వానలు మొదలవకముందు కొన్నానన్నాను. "మరి ఈ బకెట్ ఏంటి? భుజం పట్టేసింది, బట్టలు పిండలేకపోతున్నానని ఫోన్లో ఏడ్చింది నువ్వే కదా?" అంది. మెషీన్ చెడిపోయిందా అని అడిగింది, లేదన్నాను. వాడటం రాదా అని అడిగింది. ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలబెట్టే యంత్రాలు నడిపినదాన్ని, అంత మాట పడలేక నిజం చెప్పేశాను. "వాయిదాలు ఇంకా అయిపోలేదే" అన్నాను.

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. దాని తప్పేం లేదు. నిజానికి డబ్బు మొత్తం సంచిలో పెట్టుకునే ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు మీది షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నన్ను ఏసీ కింద కూర్చోబెట్టి, నా కార్డు నంబరేదో కంప్యూటర్లో కొట్టి, "మేడమ్, మీ లిమిట్ చానా మంచిగున్నది, గింత మంచి కస్టమర్ పొద్దుగాల్ల నుంచి రాలే" అన్నాడు. రిటైరయ్యాక నన్ను ఎవరైనా మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో! పొంగిపోయాను. వడ్డీ లేదన్నాడు, నెలకింతేనన్నాడు, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. మెషీన్ ఇంటికొచ్చి, బిగించే మనిషి బిగించి, టీ తాగి వెళ్ళాక బట్టల బకెట్ తెచ్చి దాని ముందు నిలబడ్డాను. మూత మీద చెయ్యి వేశాను. అప్పుడు వినపడింది మా నాన్న గొంతు: "కరుణా, అది మనది కాదమ్మా." వెళ్ళి దుప్పటి తెచ్చి కప్పాను. అప్పు ఒకేసారి తీర్చేస్తానని షాపుకి ఫోన్ చేస్తే, మధ్యలో అలా కుదరదన్నారు.

మా నాన్న జ్ఞానరత్నం మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. సీతాఫల్‌మండిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మాకూ పక్కింటి సత్తెమ్మ పిండిగిర్నికీ మధ్య ఒకటే గోడ. పొద్దున గిర్ని మొదలైతే ఆ గోడకి ఆనించిన మా గిన్నెలన్నీ సన్నగా మోగేవి. ఇల్లంతా వేడి జొన్నపిండి వాసన. అంతకుముందే, ఇంకా చీకటుండగానే మా నాన్న ప్రార్థన ఉండేది. ఆయన ప్రార్థనలో వీధి వీధంతా వచ్చేది. సత్తెమ్మ మోకాళ్ళ నొప్పులు, పాలవాడి గేదె, ఎదురింటివాళ్ళ ఇంటర్ పరీక్ష, అన్నీ పూర్తయి చివర్లో మేము వచ్చేసరికి నేను గోడకి ఆనుకుని నిద్రపోతుండేదాన్ని. అమ్మ మోచేత్తో పొడిచేది. తర్వాత అమ్మ లేచి ఇసకలో కూర్చోబెట్టిన కుండ చుట్టూ తడిగుడ్డ మార్చి, లోపల వట్టివేళ్ళ కట్ట వేసేది. ఎండాకాలం వస్తే ఆ కుండ నీళ్ళే మాకు భోగం.

నాన్నకి కొన్ని పట్టింపులుండేవి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేయించి, వచ్చినవాళ్ళకి టీ, మిక్స్చరు పెట్టి, ఆ తర్వాతే వాడాలి. ప్రెషర్ కుక్కరుకి ప్రార్థన జరిగింది. నాన్న సైకిలుకి జరిగింది. నా మొదటి కళ్ళజోడుకి కూడా జరిగింది, అది అయ్యేదాకా నేను బోర్డు మీది అక్షరాలు పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకున్నాను. ఇది చాలదన్నట్టు అప్పంటే ఆయనకి భయం. ఈ రెండూ విడివిడిగా ఉన్నన్నాళ్ళూ పరవాలేదు. రెంటినీ ఒకచోట కలిపి ఇంట్లో ముసలం పుట్టించింది మాత్రం నేనే.

అప్పుడు నేను నర్సు ట్రైనింగులో ఉన్నాను. నాతో చదివే స్టెల్లా వాళ్ళది బొల్లారం. వాళ్ళ నాన్నది మిలిటరీ ఆఫీసులో ఉద్యోగం. ఒకసారి వాళ్ళింటికి వెళ్తే గాజుగ్లాసులో నీళ్ళు ఇచ్చింది, అందులో ఐసు ముక్కలు గలగలమంటున్నాయి. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడిగింది. లేదనడానికి నోరు తెరిచాను, ఉందని వచ్చింది. "పెద్దదే" అని కూడా నేనే కలిపాను. ఎవరడిగారు నన్ను? తిరిగొచ్చే బస్సులోనే భయం పట్టుకుంది. ఇంటికి రాగానే ఫ్రిజ్ కావాలని పేచీ పెట్టాను. నాన్న వద్దన్నారు. నిరాహార దీక్ష మొదలుపెట్టాను. రాత్రి అందరూ అన్నానికి కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. కాసేపయ్యాక పెరటి దారిన సత్తెమ్మ ఇంటికి వెళ్ళి జొన్నరొట్టె, వంకాయకూర తినేదాన్ని. "తిను బిడ్డా, దీక్ష జేయాలన్నా తాకత్ గావాలె గద" అని ఆమె ఇంకో రొట్టె వేసేది. ఆ దీక్షలో నేను కాస్త ఒళ్ళు కూడా చేశాను.

నేను చిక్కిపోతున్నానని అమ్మ గోల పెట్టింది. అమ్మ కళ్ళకి పిల్లలెప్పుడూ చిక్కిపోతూనే ఉంటారు. చివరికి నాన్న మెత్తబడ్డారు. ఎం.జి. రోడ్డులో ఒక షాపువాళ్ళు నెలనెలా వాయిదాల మీద ఇస్తున్నారట, సగం నా స్టైపెండులోంచి కట్టాలన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఏదో గొణిగారు, సంతోషంలో నేను వినిపించుకోలేదు. ఫ్రిజ్ తోపుడుబండి మీద ఊరేగుతూ వచ్చింది. వీధి వీధంతా వెనకే వచ్చింది. ముందు గదిలో నాన్న కుర్చీ పక్కన నిలబెట్టారు. తెల్లటి ఫ్రిజ్, తలుపుకి తాళం. నేను ప్లగ్గు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళబోతుంటే నాన్న ఆపారు. "చెప్పాను కదమ్మా! చివరి వాయిదా కట్టేదాకా ఇది షాపువాళ్ళది. మనది కానిదానికి ప్రార్థనెలా చేయిస్తాం? ప్రార్థన కానిదాన్ని ఎలా వాడతాం?" అమ్మని దుప్పటి తెమ్మన్నారు. కప్పారు. తాళంచెవి మేకుకి తగిలించారు. వాయిదాలు ఏడాదిన్నర.

సాయంత్రం సత్తెమ్మ చూడ్డానికి వచ్చింది. పొడుగ్గా, బలంగా ఉండేది, చీరె మీద ఎప్పుడూ పిండి. భర్త పోయాక గిర్ని ఒక్కతే నడుపుకొస్తోంది. దుప్పటి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏంది సారూ, గంత పెద్ద పెట్టె దెచ్చి పీనుగుకు గప్పినట్టు బట్ట గప్పిండ్రు?"

నాన్న తన సిద్ధాంతం మొదట్నుంచి చివరిదాకా విడమరచి చెప్పారు. ఆమె ఓపిగ్గా విని, "అంటే గిది ఇంటికొచ్చిన సుట్టమన్నట్టు" అంది.

"అంతే సత్తెమ్మా. చుట్టాన్ని పనికి పెట్టుకుంటామా?"

"ఏమో సారూ, మా ఇంటికొచ్చిన సుట్టాలైతే పిండి సుత జల్లిస్తరు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఎండాకాలం ఒక శనివారం స్టెల్లా చెప్పాపెట్టకుండా ఊడిపడింది. చెమటతో ముద్దయిపోయి, "కరుణా, ముందు ఐసు నీళ్ళు ఇవ్వవే" అంది. నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. నాన్న మాత్రం ఉత్సాహంగా లేచి, దుప్పటి తీసి, ఫ్రిజ్‌ని చూపించి, అది మాది ఎందుకు కాదో, ఎప్పటికి మాదవుతుందో ఆ పిల్లకి లెక్కల పాఠంలా చెప్పి, మళ్ళీ కప్పేశారు. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చారు. స్టెల్లా రెండు గ్లాసులు గటగటా తాగి, "ఏం వాసన అంకుల్, ఎంత బాగుందో!" అంది. నాన్న మురిసిపోయారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలాంటి నాన్న దొరికినందుకు ఆ రాత్రి కసితీరా ఏడ్చాను.

సత్తెమ్మకి చక్కెర జబ్బు. ఆవిడ మాటల్లో చక్కెర బీమారి. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వెయ్యాలి. ట్రైనింగులో చేరిన దగ్గర్నుంచి ఆ పని నాది. గాజు సిరంజి నీళ్ళలో మరగబెట్టి, ఒక్క పోటు పొడిచేదాన్ని. "సూది ఏస్తున్నవా, గోడకు మేకు గొడ్తున్నవా బిడ్డా?" అనేది గానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. మందు సీసాని తడి ఇసక నింపిన ముంతలో, గిర్ని మూల దాచుకునేది. గిర్ని లోపలి వేడి, రోహిణీ కార్తె వేడి కలిసి మందుని పాడుచేశాయి. మాకది తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం తూకం వేస్తూ వేస్తూ పిండి బస్తాల మీద ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, మందు చల్లటిచోట పెట్టకపోతే ఈసారి తను చెయ్యగలిగింది ఉండదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఆ మాట నాన్నకి చెప్పాను. నా కళ్ళు దుప్పటి మీదే ఉన్నాయి.

నాన్న గదిలో అటూ ఇటూ తిరిగారు. ఆగి దుప్పటివైపు చూశారు, మళ్ళీ తిరిగారు. "మనం వాడుకోకూడదు" అన్నారు చివరికి. "ఆమె వాడుకోవచ్చు. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ఎవరి గొడుగైనా పట్టొచ్చు, గొడుగు సొంతదారు ఏమీ అనుకోడు." దుప్పటి తీసి, మడత పెట్టి, ప్లగ్గు తనే పెట్టారు. ఫ్రిజ్ ఒకసారి దగ్గి, గుర్రుమంటూ మొదలైంది. అమ్మ చేతులు జోడించింది. అంత పెద్ద ఫ్రిజ్‌లో, మధ్య అరలో, చిన్న రేకు డబ్బాలో బొటనవేలంత మందు సీసా ఒక్కటే. మేము మాత్రం పక్కనే కూర్చుని కుండ నీళ్ళు తాగేవాళ్ళం.

ఇంతవరకూ బాగానే ఉంది. పొద్దున సూది కోసం సీసా తీసేదాన్ని నేనే కదా, తాళంచెవి ఎక్కడుందో తెలుసు. నాన్న స్కూలుకి వెళ్ళాక ఒకరోజు ఐసు గిన్నెలో నీళ్ళు పోశాను. సాయంత్రం ఆయన వచ్చేలోగా ఐసు తినేసి, గిన్నె తుడిచి లోపల పెట్టాను. మొటిమలకి మంచిదని ఎవరో చెబితే పన్నీరు సీసా ఒకటి వెనక్కి తోసి దాచాను. అలా దాస్తున్నప్పుడు అక్కడ ఇంకేవో చేతికి తగిలేవి, చూడకుండా వదిలేసేదాన్ని. దొంగ పని మీద వెళ్ళినప్పుడు మనసు మన పని తప్ప ఇంకేదీ చూడనివ్వదు. పైగా నేనొక్కదాన్నే తెలివైనదాన్నని నా నమ్మకం.

రెండో ఎండాకాలం వచ్చేసరికి స్కూల్లో జీతాలు ఆగిపోయాయి. మిషన్ స్కూళ్ళలో అప్పుడప్పుడూ జరిగేదే, ఈసారి మరీ సాగింది. నా స్టైపెండు బియ్యానికీ అద్దెకీ పోయేది. వాయిదాలు నిలిచిపోయాయి. ఒకరోజు పొద్దున్నే షాపు నుంచి ఖాదర్ భాయ్ వచ్చాడు. నెలనెలా వసూలుకి వచ్చే మనిషే, అమ్మ చేతి టీ తాగి వెళ్ళేవాడు. ఈసారి వెనకాల తోపుడుబండి, ఇద్దరు కూలీలు ఉన్నారు. గడప బయటే నిలబడిపోయాడు.

"మాస్టర్ సాబ్, మాఫ్ చేయుండ్రి. మూడు నెలలసంది కట్టలేరు. సామాన్ తెమ్మని సేఠ్ ఒకటే పరేషాన్ చేస్తుండు. నాకు సుత మనసొప్పుతలేదు."

నాన్న మొహంలో బాధ కనపడలేదు. ఈ రోజు వస్తుందని ముందే తెలిసినట్టు లేచి నిలబడ్డారు. "తీసుకెళ్ళండి ఖాదర్ భాయ్, మీ వస్తువు మీది. చూసుకోండి, ఒక్క గీత కూడా పడలేదు. ఇందుకే నేను మావాళ్ళని అలవాటు పడనివ్వలేదు. అలవాటు కానిది పోతే బాధ ఉండదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. అమ్మ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూది కోసం వచ్చిన సత్తెమ్మ ఇదంతా వింది. కూలీలని తోసుకుని లోపలికొచ్చింది. "సారూ, గిది వోతే నా సీస ఏడ వెట్టాలె?" అంది. ఆ గొంతు ఎప్పటిలా లేదు. ఆవిడ భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"రోజూ ఐసుగడ్డ తెప్పిస్తాను సత్తెమ్మా."

"మీ జీతమే రాకపాయె. ఐసుగడ్డ ఏడికెళ్ళి దెస్తరు?"

కూలీలు ఫ్రిజ్ పక్కకి వచ్చి నిలబడ్డారు. ఎత్తేముందు లోపల ఖాళీ చెయ్యాలన్నాడు ఖాదర్ భాయ్. "ఏముంది, మందు సీసా ఒక్కటే" అని నాన్న తాళం తీసి, తలుపు బార్లా తెరిచారు. సత్తెమ్మ రేకు డబ్బా ముందుంది. దాని వెనక నా ఐసు గిన్నె, పన్నీరు సీసా. పక్కన గ్లాసెడు మజ్జిగ, మూత పెట్టి ఉంది. అరిటాకులో చుట్టిన మల్లెపూల దండ. తమ్ముడు కొరికి దాచుకున్న సగం మామిడికాయ, మీద ఉప్పూకారం. అన్నిటికన్నా వెనక, తడి జేబురుమాలులో చుట్టిన తమలపాకుల కట్ట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాన్నకి చిన్నప్పటి నుంచీ వక్కాకు అలవాటు. చర్చిలో సంఘ పెద్దగా ఆయన్ని ఎన్నుకున్నప్పుడు, ఈ రోజుతో మానేశానని ఆయనే ఆరాధనలో లేచి చెప్పారు. అందరూ వందనాలు చెప్పారు. ఆ జేబురుమాలు అంచున అమ్మ కుట్టిన నీలం దారం కనిపిస్తూనే ఉంది. ఖాదర్ భాయ్ పైకప్పు చూస్తున్నాడు. ముందు సత్తెమ్మే తేరుకుంది. "గా ఆకులు నావి" అంటూ చెయ్యి చాపింది.

"కాదు సత్తెమ్మా" అన్నారు నాన్న. మొహం ఎర్రబడిపోయింది, మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "అవి నావే."

తర్వాత తలుపు చాటు నుంచి అమ్మ ముందుకొచ్చింది. "మజ్జిగ నాదండీ. పూలు కూడా. మధ్యాహ్నం మీరు లేనప్పుడు తలుపు తీసి కాసేపు దాని ముందు కూర్చుంటాను. అలవాటు కాలేదన్నారే, నాకు అలవాటైపోయిందండీ" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మామిడికాయ గురించి ఎవరూ అడగక్కర్లేకపోయింది. అందరూ నావైపు చూశారు. "ఐసు నాది" అన్నాను. పన్నీరు సంగతి నమిలేశాను. ఖాదర్ భాయ్ ఆ సీసా ఎత్తి పట్టుకుని "మరి గిది?" అని అడిగాడు. అదీ నాదేనని, మొటిమల కోసమని, ఇద్దరు కూలీల ముందు చెప్పుకోవాల్సి వచ్చింది.

నాన్న కుర్చీలో కూలబడ్డారు. "మనది కానిదాన్ని ఇంటిల్లిపాదీ వాడుకున్నాం. వాడుకున్నందుకు అద్దె బాకీ పడ్డాం. అదీ ఇవ్వలేని స్థితి" అన్నారు. ఆ మాటతో సత్తెమ్మ కళ్ళు మెరిశాయి. నడుముకి కట్టుకున్న సంచీ ముడి విప్పింది.

"అందరికన్న ముందుగాల్ల వాడింది నేను గద సారూ. నా సీస కిరాయి నేను కడ్త."

"నీ దగ్గర అద్దె తీసుకోవడానికి ఇది నాది కాదు సత్తెమ్మా" అన్నారు నాన్న, ఆ స్థితిలో కూడా.

"మీకెవలిస్తుండ్రు? సామాన్ ఎవలదో వాళ్ళకే ఇస్త. ఓ భాయ్, ఇటు రా. లెక్కవెట్టుకో."

నాన్న నోరు తెరిచారు. ఆయన సిద్ధాంతాన్ని ఆయనకే అప్పజెప్పింది సత్తెమ్మ, కాదనడానికి అందులో లొసుగేదీ దొరకలేదు. పిండి అంటిన నోట్లు ఖాదర్ భాయ్ చేతిలో పడ్డాయి. ఆగిన వాయిదాలకి సరిపోయాయి. అతను రసీదు రాసి, ఎవరికివ్వాలో తెలియక ఫ్రిజ్ మీద పెట్టాడు. కూలీలకి అమ్మ టీ ఇచ్చింది. ఖాళీ బండి వెళ్ళిపోయాక నాన్న లేచి, ఒక పాలపొడి డబ్బా వెతికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. ఇకమీదట వాడుకునేవాళ్ళు అద్దె వెయ్యాలని ప్రకటించారు. మొదటి నాణెం తన తమలపాకుల లెక్కకి తనే వేశారు. మజ్జిగకి అమ్మ వేసేది. ఐసుకి నేను వేసేదాన్ని, వెయ్యలేనిరోజు ఐసు మానేసేదాన్ని. జీతాలు మళ్ళీ మొదలయ్యాక సత్తెమ్మ డబ్బు తిరిగిద్దామని నాన్న వెళ్తే, "కిరాయి వాపసిస్తరా ఎవలన్న?" అని గిర్ని స్విచ్చి వేసేసింది. ఆ చప్పుడులో ఇక ఏ మాటా వినపడదు.

చివరి వాయిదా కట్టిన వారం పాస్టరు గారు వచ్చారు. ప్రార్థనకి ముందు నాన్న తమలపాకుల సంగతి ఆయనకి చెప్పేశారు, పాస్టరు గారు నవ్వి రెండాకులు తనూ అడిగారు. ప్రార్థన అయ్యాక తలుపు సత్తెమ్మ చేత తీయించారు. మొదటి గ్లాసు చల్లటి నీళ్ళు అందరం కలిసి నాన్నకే ఇచ్చాం. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "పళ్ళు జివ్వుమంటున్నాయి, కుండ నీళ్ళే నయం" అన్నారు. బతికినన్నాళ్ళూ కుండ నీళ్ళే తాగారు.

నేను ఆయన్నుంచి తప్పించుకున్నాననే అనుకున్నాను. ఉద్యోగానికి మస్కట్ వెళ్ళాను. అక్కడ మా నర్సులు బంగారం నెలవారీగా కొనేవాళ్ళు. కొన్న సాయంత్రమే గాజులు వేసుకుని విందులకి పోయేవాళ్ళు. నేనూ కొన్నాను. కట్టడం అయ్యేదాకా పెట్టె అడుగున దాచాను. నా గదిలో ఉండే మలయాళీ అమ్మాయి, అవి దొంగ బంగారమేమోనని కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉంది. తర్వాత ఇంగ్లాండు. మా వీధిలో ఒక పెద్దావిడ షాపు వస్తువుల బొమ్మలున్న పుస్తకం ఇంటింటికీ తెచ్చి చూపించి, కావలసినవి తెప్పించి, వారం వారం వచ్చి డబ్బు వసూలు చేసుకునేది. చలికాలం మొదట్లో మంచి ఉన్ని కోటు తెప్పించుకున్నాను. కోటు బీరువాలో ఉండేది, నేను పాత స్వెటరులో బస్టాపులో గజగజ వణుకుతుండేదాన్ని. వాయిదాలు అయిపోయేసరికి ఎండలు వచ్చాయి. పట్టుదల కొద్దీ ఆ ఎండలోనే ఒకరోజు వేసుకు తిరిగాను. కోటు వేసుకున్న నన్ను చూసి ఆ పెద్దావిడ, జ్వరమా అని అడిగింది.

ఆఖరున కొన్నాళ్ళు న్యూజీలాండులో ఉన్నాను. అక్కడ ఒక షాపులో సూట్‌కేసు చూసి, వాయిదాల మీద ఇస్తారా అని అడిగాను. తప్పకుండా అంది కౌంటర్లోని అమ్మాయి. సూట్‌కేసు మీద నా పేరు కాగితం అతికించి, వెనక గదిలోకి తీసుకెళ్ళి పెట్టేసి వచ్చింది. అదేంటన్నాను. మొత్తం కట్టాక తీసుకెళ్ళండి, అప్పటిదాకా మా దగ్గరే భద్రంగా ఉంటుంది, ఇక్కడ అందరూ ఇలాగే కొంటారు అంది. నేను నడిషాపులో పగలబడి నవ్వాను. తర్వాత నవ్వు ఆగలేదు, కళ్ళనీళ్ళు కూడా ఆగలేదు. పాపం ఆ పిల్ల కంగారుపడి కుర్చీ తెచ్చింది. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది: నాన్నా, ఇక్కడ ఊరు ఊరంతా మీ పద్ధతే, మిమ్మల్ని చూసి సిగ్గుపడింది నేనొక్కదాన్నే. అప్పటికే నాన్న లేరు. ఆ వేళ ఆయన మీద బెంగ ఎంతగా కమ్మిందంటే, ఆ వెనక గదిలోకి వెళ్ళి చూస్తే ఏ దుప్పటి పక్కనో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారనిపించింది.

ఇదంతా షీబాకి చెప్పాను. అది నవ్వి నవ్వి రెండో కేకు ముక్క చున్నీ మీద పడేసుకుంది. దాని చేతిలో ఫోను, బయట స్కూటరు, ఇంట్లో మంచం, అన్నీ వాయిదాల మీదివే. "అత్తా, నీ లెక్కన నేను నేల మీద పడుకుని నడిచి తిరగాలి" అంది. వీళ్ళు ముందు వాడుకుంటారు, వస్తువు సొంతమయ్యేసరికి దాని మీద మోజు పోతుంది. మేము మోజంతా కూడబెట్టుకుని, వస్తువు సొంతమయ్యాక పళ్ళు జివ్వుమన్నాయన్నాం. ఎవరు బాగుపడ్డారో నాకు తెలియదు. నేనైతే ఒక చలికాలమంతా వణికాను.

"ఇంకా ఎన్నాళ్ళు కట్టాలి?" అని అడిగింది. చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, అప్పటికి నా వయసెంతవుతుందో తట్టినట్టుంది, వేళ్ళు ముడిచేసుకుంది. "అది నాదయ్యేసరికి నేను ఎవరిదాన్నో" అన్నాను సరదాగానే. దాని కళ్ళు చెమర్చాయి. అయ్యో, అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. అది గబగబా లేచి, కేకు అంటిన తన చున్నీ తీసి నా మొహం ముందు ఆడించింది. "ఇది నాది. ప్రాణం మీదికొచ్చింది. మెషీన్ నేను వాడుకోవచ్చు కదా?" అంది. ఏం చెప్పను? మా నాన్న మనవరాలు.

వరండాలోకి వెళ్ళాం. వాయిదాలు మిగిలుండగా ప్రార్థన చెయ్యడం మా వంశంలో ఇదే మొదలు. పాస్టరు గారిని పిలవడానికి మొహం చెల్లక నేనే మెషీన్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఇది ఇంకా నాది కాదు, నీకు తెలుసు. నన్ను తీసుకుపోవడానికి నీవాళ్ళు బండి తెచ్చినరోజు, ఎత్తేముందు తలుపు తీసి చూస్తారు కదా. లోపల నేను దాచుకున్నవి బయటపడ్డప్పుడు, అవి నావేనని చెప్పే ధైర్యం నాకు కూడా ఇవ్వు" అన్నాను.

షీబా ఆమేన్ అంది. కళ్ళు తెరిచేసరికి చున్నీని, నా బకెట్లోని చీరెలనీ మెషీన్లో పడేసి, పూల దుప్పటి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"దీన్ని కూడా వేసెయ్యనా అత్తా?"

"వేసెయ్యి" అన్నాను.